సైరన్ సాధారణంగా ఆగిపోయిన వైనం

"ఏనుగులొస్తే ముందే కూసే సైరన్ దేశంలో మన దగ్గరే ఉండాది!" అని మంత్రిగారు కుప్పంలో ప్రకటించారు. విలేకరిని కాబట్టి రాసుకున్నాను, పౌరుణ్ణి కాబట్టి పులకించాను. ఇకమీదట రైతులు ఏనుగుల్ని తరమడానికి పొలాల్లో డబ్బాలు వాయిస్తే సైరన్ వినబడదని, అటవీ అధికారి హరినాథ్ గారు ఊరూరా డబ్బాలన్నీ లాక్కొచ్చి ఆఫీసులో పెట్టి బీగం వేశారు. ఎంత ముందుచూపు!

రామకుప్పం దగ్గర నాగరత్నమ్మ రాగి చేను కోతకొచ్చింది. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి అదే. ఆమె డబ్బా కూడా పోయింది.

"సైరన్ కూయకపోతే మా గతేమప్పా?"

"కంప్యూటరమ్మా అది! నిద్రపోదు" అని హరినాథ్ గారు నవ్వారు.

నిజమే, నిద్రపోలేదు. గుంపంతా కెమెరాలో లెక్కపెట్టాకే అది కూయాలి; ఎనిమిది ఏనుగుల దాకా భేషుగ్గా లెక్కపెట్టి, తొమ్మిదోది కనబడగానే ప్రోగ్రామ్ చచ్చిపోయేది. మదనపల్లె నుంచి వచ్చిన ప్రోగ్రామర్ రేష్మ కారణం చెప్పింది.

"రస్ట్ అనే కంప్యూటర్ భాషలో రాసినాం సార్. ఎనిమిదింటికే జాగా ఇచ్చినాం. మించితే పానిక్ అయి ఆగిపోతాది. ఒక్క పూటలో సరిచేస్తా."

"సరిచేసేదానికి బడ్జెట్ లేదు. ఎట్లా ఆగిపోతాదో డాక్యుమెంట్ చేసేదానికి ఉండాది. రాయమ్మా" అన్నారు హరినాథ్ గారు.

ఆమె సైరన్ మాన్యువల్లో 'అసాధారణ ముగింపు' అని అధ్యాయం రాసింది. హరినాథ్ గారు కళ్లద్దాలు తీశారు.

"రోజూ జరిగేదాన్ని అసాధారణమని యాల రాస్తివి? ప్రభుత్వం పానిక్ అవుతాదా? 'సాధారణ ముగింపు' అని పెట్టు."

"మరి తొమ్మిదో ఏనుగు సార్?"

"దాని ఊసే ఎత్తొద్దు."

ఈ బుర్రకు దండం పెట్టాలి. ఇలాంటివాళ్ల చేతిలోనే కదా మన తిండి గింజలు ఉన్నాయి!

ఫొటోలో పంట పడాలని మాన్యువల్ ఆవిష్కరణ సభ నాగరత్నమ్మ చేను పక్కనే పెట్టారు. మంత్రిగారు పుస్తకం పైకెత్తారు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడే అడవి వైపు నుంచి తొమ్మిది ఏనుగుల గుంపు దిగింది. సైరన్ కూయలేదు. మాన్యువల్లో రాసినట్టే ఆగిపోయింది, ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

మంత్రిగారు కారెక్కి అద్దాలు బిగించుకున్నారు. ఏనుగులు చేలో పడ్డాయి. హరినాథ్ గారు కుర్చీల కింద నుంచి గొంతు చించుకున్నారు.

"నాగరత్నమ్మా! డబ్బా కొట్టమ్మా! డబ్బా యాడుండాది?"

"మీ ఆఫీసులో ఉండాది సార్. బీగంచెవి మీ జేబులో ఉండాది."

మర్నాడు ప్రెస్ నోట్ వచ్చింది: 'సభ సాధారణంగా ముగిసింది.' పేపర్లో ఉన్నదున్నట్టు వేయించాను.

నాగరత్నమ్మ చేలో మిగిలిన రాగులు ఏరి, ఆ పేపర్లోనే పొట్లం కట్టుకుంది. పేపరు ఇంకా సగం మిగిలింది.