షాంఘైలో కనపడాలి

సోమవారం పొద్దున అక్షయ పెట్టుకున్న పని చాలా చిన్నది. తేనె సీసాల కొత్త ఫొటోలు వెబ్‌సైట్లోకి ఎక్కించి, మధ్యాహ్నం తీరిగ్గా, న్యూజీలాండ్‌లో స్థిరపడటానికి పెట్టుకోవాల్సిన రెసిడెన్సీ అప్లికేషన్ ముందేసుకుని కూర్చుందామనుకుంది. క్రైస్ట్‌చర్చ్‌లో చదువు ముగించి ఆక్లాండ్ వచ్చాక, అక్కడి బోటనీ డౌన్స్ పేటలో జనార్ధనరావు గారి తేనె ఎగుమతి కంపెనీలో వెబ్ డెవలపర్‌గా చేరింది. ఈ ఉద్యోగం నిలిస్తేనే ఆ అప్లికేషన్ నిలుస్తుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. జనార్ధనరావు గారికి ఇంకా బాగా తెలుసు.

ఆయన ఆధునికుడు. ఈ దేశంలో అందరూ పేర్లతోనే పిలుచుకుంటారనీ, తనని జాన్ అంటే చాలనీ చేరిన రోజే చెప్పారు. ఆమె ఒక్కసారి అలా పిలిచింది. ఆయన వారంపాటు మాట్లాడలేదు. అప్పట్నుంచీ సర్ అంటోంది.

ఆ ఉదయం ఆయన ఫోన్ చేత్తో పట్టుకుని ఆమె బల్ల దగ్గరకొచ్చారు. షాంఘై నుంచి లిన్ అనే పెద్ద వ్యాపారి మెసేజ్ పెట్టాడట. మీ వెబ్‌సైట్ మా దేశంలో తెరుచుకోవడం లేదు, గురువారం మా డైరెక్టర్లు చూడాలి, ఆ రోజుకి నేను ఆక్లాండ్‌లోనే ఉంటాను అని. ఈ ఆర్డర్ రాకపోతే ఆఫీసులో మనుషుల్ని తగ్గించాల్సి వస్తుందనీ, ఎవర్నన్నది తానింకా ఆలోచించలేదనీ అక్షయ వైపే చూస్తూ చెప్పారు.

ఆమె చూసి కారణం పట్టుకుంది. పేజీలోని అక్షరాల ఫాంట్లు, మ్యాపు, తేనెపట్ల వీడియో వేరే కంపెనీల సర్వర్ల నుంచి వస్తున్నాయి. ఆ సర్వర్లని చైనా ఆపేసింది. పాపం పేజీ వాటికోసం ఎదురుచూస్తూ తెల్లబోయి ఉండిపోతోంది. వాటిని తీసేసి, సైటుని అక్కడికి దగ్గర్లో ఉన్న సర్వర్‌కి మారిస్తే సరిపోతుంది, ఒక పూట పని అంది. అంతటితో ఊరుకుంటే ఈ కథ ఉండేది కాదు.

"వాళ్లు ఇంకేం ఆపుతారు?" అని అడిగారు జనార్ధనరావు గారు.

"కొన్ని మాటలు కూడా ఆపుతారు సర్."

"ఏ మాటలు?"

"అవేంటో ఎవరూ చెప్పరు సర్."

ఇంటి ముందు బోర్డు ఎంత వెడల్పు ఉండాలో నగర కౌన్సిల్ వాళ్లు రాసిచ్చినా లెక్కచేయని మనిషి, ఎవరూ రాయని రూల్‌కి మాత్రం ఒళ్లంతా కళ్లు చేసుకుని లొంగిపోయారు. సైటంతా ప్రింట్ తీయించి ఎర్ర పెన్ను పట్టుకున్నారు. ముందు 'ఫ్రీ డెలివరీ'లో ఫ్రీ పోయింది, అది స్వేచ్ఛ కిందికి రావచ్చని. 'ఇండిపెండెంట్ ల్యాబ్‌లో పరీక్షించిన తేనె' అన్న వాక్యంలో ఇండిపెండెంట్ పోయింది. దాంతో ఆ తేనెని ఏదో ఒక ల్యాబ్‌లో పరీక్షించారన్న అనుమానం మాత్రం మిగిలింది. రాణి ఈగ గురించి రాసిన పేరా రాచరికం అని కొట్టేశారు. కూలి ఈగల జోలికి మాత్రం పోలేదు. శ్రామికులంటే అక్కడ గౌరవమట. వీలైతే వాటిని ఇంకా పెంచమన్నారు.

మధ్యాహ్నం ఆయన భార్య ఇందిరాదేవి ఫ్లాట్ బుష్‌లోని ఇంటి నుంచి క్యారియర్ తెచ్చింది. ఆవిడకి కంపెనీలో హోదా ఏమీ లేదు, అందుకే అధికారం ఎక్కువ. 'మా చరిత్ర' అన్న పేజీ చూసి కంగారు పడింది.

"చరిత్ర ఎందుకమ్మా అక్షయా? గొడవలన్నీ చరిత్ర దగ్గరే మొదలవుతాయి."

చరిత్ర పోయింది. కస్టమర్ల అభిప్రాయాలు పోయాయి, అక్కడ అభిప్రాయాలంటే ఇష్టం ఉండదని. వద్దని చెప్పబోయిన ప్రతిసారీ అక్షయ తన అప్లికేషన్ గుర్తొచ్చి నోరు మూసుకుంది. ఇక ఎవరూ చెప్పకముందే తనంతట తానే 'స్వచ్ఛమైన' అన్న మాట తీసేసింది. అది ఎందుకు తీసిందో ఆమెకే తెలియలేదు.

సర్వర్ విషయంలో జనార్ధనరావు గారు హాంకాంగ్‌లో అన్నిటికన్నా చవకైనదాన్ని ఎంచారు. దాని ఇంటర్నెట్ అడ్రసులో ఇంతకుముందు ఎవరున్నారో కనుక్కుందామని అక్షయ అంటే, అద్దె ఇంటికి వెళ్లేటప్పుడు పాతవాళ్ల జాతకాలు చూస్తామా అన్నారు. బుధవారానికి సైటులో ఒక సీసా బొమ్మ, కింద 'తేనె' అన్న మాట, ఒక ఫోన్ నంబరు మిగిలాయి. షాంఘైలో ఎలా కనిపిస్తుందో చూపించే టెస్టులో కన్ను మూసి తెరిచేలోగా వచ్చేసింది. ఇందిరాదేవి అందరికీ మైసూర్‌పాక్ పంచింది. బోటనీలో ఎలా కనిపిస్తుందో చూడాలని ఎవరికీ తోచలేదు.

గురువారం లిన్ గారు వచ్చారు. జనార్ధనరావు గారు ఆయన్ని పెద్ద స్క్రీన్ ముందు కూర్చోబెట్టి, చైనా కోసం పడ్డ శ్రమంతా వివరించి, సైటు తెరవమని అక్షయకి సైగ చేశారు. తెర నిండా ఎర్రటి హెచ్చరిక వచ్చింది. ఈ సైటు మోసపూరితం కావచ్చు, వెనక్కి వెళ్లండి అని. ఆమె ఫోన్‌లోనూ అదే. అక్కడికక్కడే వెతికితే తేలింది, ఆ అడ్రసులో వీళ్లకి ముందు దొంగ వాచీలు అమ్మేవాళ్లు ఉండేవారట. ఇక్కడి సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్లన్నీ దాన్ని ఎప్పుడో ఆపేశాయి. ఈ రెండ్రోజులూ లోకల్ ఆర్డర్ ఒక్కటీ రాకపోతే, చలికాలం కదా అనుకున్నారు జనార్ధనరావు గారు.

తనే బాధ్యురాలినని చెప్పేద్దామని అక్షయ లేవబోయింది.

లిన్ గారు మాత్రం నెమ్మదిగా తన ల్యాప్‌టాప్ తీసి, ఆఫీసు వీపీఎన్ ఆన్ చేసుకున్నారు. అది ఇక్కడి అడ్డు తప్పించుకుని, షాంఘైలోని తమ ఆఫీసు మీదుగా సైట్లు చూపిస్తుందట. చక్కగా సీసా బొమ్మ వచ్చింది.

"మీకు ఇది లేదా?" అని ఎంతో జాలిగా ఇంగ్లీషులో అడిగారాయన. "ఇలాంటి చోట ఉండటం కష్టమే."

డైరెక్టర్లు పొద్దున్నే చూశారనీ, వాళ్లకి బాగా నచ్చిందనీ ఆయనే చెప్పుకొచ్చారు. మిగతా తేనె కంపెనీలన్నీ స్వేచ్ఛ, స్వచ్ఛత, వందేళ్ల చరిత్ర అంటూ ఊదరగొడుతుంటే, తన గురించి ఒక్క ముక్క చెప్పుకోని కంపెనీ ఇదొక్కటే కనపడిందట. అంత నమ్మకం ఉన్నవాళ్ల సరుకు మంచిదే అయి ఉంటుందని ఆర్డర్ ఇచ్చేశారు.

జనార్ధనరావు గారు ఆయన్ని కారు దాకా సాగనంపి వచ్చి, ఇదంతా తన వ్యూహమని ఇందిరాదేవికి చెప్పారు. తర్వాత అక్షయకి కొత్త పని అప్పగించారు. వెబ్‌సైటు న్యూజీలాండ్‌లో కూడా తెరుచుకునేటట్టు చూడాలి, తొందరేం లేదు అని.