చివరి భాగం ఎవరు చూస్తారు?

కురవాలా వద్దా అన్నది ఆ ఉదయం ఆకాశానికే తేలలేదు. మబ్బులు పెరటిగోడ దాకా వచ్చేవి, నీడ పరిచేవి, ఏదో మరిచిపోయినట్టు మళ్ళీ వెనక్కి పోయేవి. పెద్దకోడలు తడి దుప్పట్లు భుజాన వేసుకుని గడపలో నిలబడి రెండుసార్లు పైకి చూసింది. "ఆరేస్తే వస్తుంది, ఆరెయ్యకపోతే రాదు" అని తనలో తాను అనుకుని ఆరేసింది.

ఆదివారం కనుక ఆమె ఏర్పాట్లు పెద్దవేమీ కావు. తోడికోడలితో కలిసి డజను చొక్కాలకు గుండీలు కుట్టాలి, పన్నెండున్నరకు అందరికీ వడ్డించాలి, ఆపైన కాసేపు నడుం వాల్చాలి. ఆ ఇంటి ముందుగదే దర్జీ దుకాణం. అన్న కత్తిరిస్తాడు, తమ్ముడు కుడతాడు, గుండీలూ కాజాలూ లోపలి ఆడవాళ్ళవి. పదహారేళ్ళుగా ఒకటే పొయ్యి, ఒకటే గుమ్మం.

దుకాణంలో దారపుకండెల అర మీద ఒక చిన్న టీవీ ఉంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండింటికి అందులో డిటెక్టివ్ సీరియల్ ఒకటి వచ్చేది. డిటెక్టివు పొడుగాటి మనిషి, ఎప్పుడూ జలుబే. ఆయన మూడుసార్లు ముక్కు చీదాడంటే హంతకుడు దొరికినట్టే. ఆ గంటసేపూ మిషన్లు ఆగిపోయేవి. ఆడవాళ్ళు అదే వేళకు పెరటి వసారాలో నడుం వాలుస్తారు కాబట్టి, లోపల ఎవరినో చంపుతున్నారన్న సంగతి తప్ప వాళ్ళకు మరేమీ తెలియదు. సీరియల్‌కు పన్నెండు భాగాలనీ, ఒక్కో భాగానికీ ఒక్కో పేరనీ అసలే తెలియదు.

పన్నెండో భాగం పోయిన ఆదివారం వచ్చింది. సరిగ్గా ఆ గంటలోనే ఆ వీధికి కరెంటు పోయింది. దాన్ని ఈ ఆదివారం మళ్ళీ వేస్తామన్నారు. ఈ వారం రోజులూ దాని ఊసెత్తిన మనిషికి అన్న కొలతలు తీయలేదు. ఒకాయన "చివర్లో ఏమైందంటే" అని మొదలెట్టాడో లేదో, టేపు తన మెడలో వేసుకుని అతన్ని చొక్కాతో సహా బయటికి పంపించేశాడు. దానికి తోడు టీవీవాళ్ళు, మీకు బాగా నచ్చిన భాగం ఏది, అస్సలు నచ్చనిది ఏది, కారణాలతో రాసి పంపమన్నారు. అన్నదమ్ములు పొద్దున్నే కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నారు.

పదింటికి గుండీల డబ్బా కోసం వెళ్ళిన పెద్దకోడలు తలుపు తెర వెనకే ఆగిపోయింది.

"ఐదో భాగం నాకొద్దురా, అది నువ్వే ఉంచుకో," అంటున్నాడు ఆమె భర్త.

"ఎందుకొద్దు? అన్నిట్లోకీ అదే మంచిది," అన్నాడు మరిది.

"దానికి పునాదే లేదు. మూడో భాగం చూడు, ఎక్కడ వంక పెడతావో పెట్టు. మూడోదే నాది."

"నీకెప్పుడూ అంతే అన్నయ్యా. పెద్దవాడివని నీ మాటే చెల్లాలి."

"చెల్లాలి మరి. ఎనిమిదో భాగం ఇద్దరికీ వద్దు, సరేనా? కొట్టెయ్."

"కొట్టేశా. మరి చివరి భాగం?"

"అది ఇద్దరం కలిసే చూద్దాం. అప్పటిదాకా ఇంట్లో ఎవరిదగ్గరా ఎత్తకు."

పెద్దకోడలికి గుండీల డబ్బా గుర్తులేదు. భాగాలన్న మాట పుట్టింట్లో ఆమె చిన్నప్పుడు ఒక్కసారి విన్నది. ఆ ఏడాదే నడింట్లో గోడ లేచింది. తర్వాత ఆమె తల్లి గోడకు చెవి ఆనించి, అటువైపు ఎవరు దగ్గుతున్నారో పోల్చుకుంటూ బతికింది. తన వంటింట్లో అలాంటి గోడ ఎక్కడ పడుతుందో పెద్దకోడలికి అప్పుడే కళ్ళకు కట్టింది. సరిగ్గా తనూ తోడికోడలూ కూర్చుని మాట్లాడుకునే పీటల మధ్యన.

అయినా ఏడవడానికి ఇంకా వేళ ఉంది, ముందు సంగతేమిటో తెలియాలి అనుకుంది. ఏ సంగతినీ సగంలో వదిలే మనిషి కాదు ఆమె. అన్నదమ్ములు బయట ఎవరికో ప్యాంటు అప్పగిస్తుండగా లోపలికి జొరబడి, కత్తెర కింద ఉన్న కాగితం కొంగులో దాచుకుని వచ్చేసింది.

కాగితంలో ఇలా ఉంది: 'మూడు, మేడమీది గది: అన్న. ఐదు, పెరటి బావి: తమ్ముడు. ఎనిమిది, ఇనప్పెట్టె: ఇద్దరికీ వద్దు. పన్నెండు, పెద్దావిడ: ఇంకా చూడలేదు.'

ఆ ఇంటికి మేడమీద ఒక గది ఉంది. పెరట్లో బావి ఉంది. ఇనప్పెట్టె ఇద్దరికీ ఎందుకు వద్దో ఆలోచించనక్కర్లేదు, దాని తాళంచెవి పోయి తొమ్మిదేళ్ళయింది. ఇక పెద్దావిడ అంటే వీధి వీధంతా పిలిచేది అత్తగారినే.

"అక్కా, బావి మాకు రాశారా?" అంది తోడికోడలు కాగితం తిప్పి చూస్తూ. "మేడ మీకా?"

"నీకు మేడ కావాలా?"

"కావాలని కాదు. మోకాళ్ళ నొప్పులున్న మీకు మెట్లిచ్చి, చేద లాగలేని నాకు బావిచ్చారు. ఎవరు పంచారో గానీ మనల్ని ఎప్పుడూ చూసినట్టు లేదు." కాసేపు సూదికి దారం ఎక్కించబోయి ఎక్కించలేకపోయింది. "మీరు చెప్పకపోతే ఉప్పు ఎంత వెయ్యాలో నాకు ఇప్పటికీ తెలీదక్కా."

అంతలో అత్తగారు వచ్చి కాగితం లాక్కుంది. కళ్ళజోడు సవరించుకుని కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చదివింది.

"నేను పన్నెండోదాన్నా? ఇనప్పెట్టె తర్వాతా?"

"అత్తయ్యా, మీరు కూర్చోండి."

"ఇంకా చూడలేదట. రాత్రి నా కాళ్ళకు మందు రాసిందెవరు?"

"నేనే అత్తయ్యా."

"పొద్దున నీళ్ళు కాచిపెట్టిందెవరు?"

"నేను," అంది చిన్నకోడలు.

"అయితే వాళ్ళు రాసింది నిజమే. వాళ్ళు చూడలేదు." ఆవిడ కాగితం మడిచి, తన గదిలోకి వెళ్ళి ట్రంకుపెట్టె తీసి చీరలు సర్దడం మొదలెట్టింది. మూడో చీర దగ్గర ఆగి తన సొంత తమ్ముడికి ఫోన్ చేసింది. "ఒరేయ్, ఉన్నపళంగా రా. నీ గొలుసు కూడా పట్టుకురా."

ఆ తమ్ముడు పక్కవీధిలోనే ఉంటాడు. ముప్పై ఏళ్ళు భూములు కొలిచి రిటైరైన సర్వేయరు. ఇద్దరు తగువులాడుకుంటుంటే ముందు కొలుస్తాడు, తర్వాతే మాట్లాడతాడు. అరగంటలో ఇనుప గొలుసు ఈడ్చుకుంటూ వచ్చాడు. చిన్నకోడలు ఒక కొస పట్టుకుని ముక్కు ఎగబీలుస్తుంటే నడిల్లు కొలిచాడు, వంటిల్లు కొలిచాడు.

"మామయ్య ఏంటి కొలుస్తున్నాడు?" అన్నాడు మరిది దుకాణంలోంచి తొంగిచూసి.

"సున్నం వేయిద్దామనేమో," అన్నాడు అన్న. "ఇందాకటి కాగితం ఏదిరా?"

సర్వేయరు ఇద్దరినీ పిలిచి ఎదురుగా నిలబెట్టాడు. ఆడవాళ్ళు ముగ్గురూ వరసగా గోడవారన నిలబడ్డారు.

"భాగాల దగ్గర మాటా మాటా వచ్చిందట?"

అన్నదమ్ముల మొహాలు వెలిగాయి. "మీదాకా వచ్చిందా? మంచిదే, మీరే తీర్పు చెప్పండి మామయ్యా," అన్నాడు తమ్ముడు. "ఐదో భాగం బాగుందా లేదా?"

"బావి ఉన్నదేనా?"

"అదే."

"బావి ఉంటే విలువే కదరా. నీళ్ళెలా ఉన్నాయి?"

"నీళ్ళ సంగతి ఎవరికి తెలుసు. శవం తీశాక మళ్ళీ చూపించలేదు."

గొలుసు సర్వేయరు చేతిలోంచి జారి గలగలమంటూ కింద పడింది. "శవమా? ఎవరిది?"

"వంటమనిషిది. కట్టుకున్నవాడే తోసేశాడు."

"ఎందుకు తోశాడో చెప్పరు," అన్నాడు అన్న చిరాగ్గా. "అందుకే పునాది లేదంటున్నా. ఇదే మేడమీది గది తీసుకోండి, అక్కడ ఇద్దరు పోయారు. అయినా ఎంత ముచ్చటగా ఉంటుంది."

అత్తగారు ఉన్నచోటే చతికిలబడింది. "ఆ బావి నీళ్ళతోనే కదక్కా పొద్దున దుప్పట్లు ఉతికాం," అంది చిన్నకోడలు నెమ్మదిగా. దుప్పట్ల మాట వినబడగానే సర్వేయరు రెండో చేతిలో ఉన్న మంచినీళ్ళ గ్లాసును కిటికీలో పెట్టేశాడు.

పెద్దకోడలు మాత్రం ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. గుండీ ఊడిన చొక్కాలో దారం కొసను వెతికినట్టు దాన్నే పట్టుకుంది.

"మళ్ళీ చూపించలేదన్నారే. ఎవరు చూపించలేదు?"

"టీవీవాళ్ళు వదినా," అన్నాడు మరిది. "ఇంకెవరు చూపిస్తారు?"

చిన్నకోడలు పట్టుకున్న గొలుసు కొసను వదిలేసింది.

"భాగమంటే, ఎపిసోడా?" అంది పెద్దకోడలు.

"ఐదవ భాగం అని తెరమీద ఇంత లావు అక్షరాలతో వేస్తారుగా," అన్నాడు ఆమె భర్త. "మీరేమనుకున్నారు?"

పెద్దకోడలు కొంగులోంచి కొత్త గుండీ ఒకటి తీసి, మళ్ళీ కొంగులోనే కట్టుకుంది. అత్తగారు మాత్రం ఊరుకోలేదు. "పన్నెండోది పెద్దావిడ ఎవర్రా?"

"చివరి భాగం పేరమ్మా అది. ఒక పెద్దావిడ ఇంట్లో ఆరుగురు చుట్టాలు, వాళ్ళలో ఒకరు హంతకులు. ఇవాళ రెండింటికి వేస్తారు. వారం నుంచీ వీధిలో ఎవరితోనూ మాట్లాడకుండా కాపాడుకుంటున్నాం."

అత్తగారు లేచి గదిలోకి వెళ్ళి, సర్దిన మూడు చీరలూ బయటికి తీసింది. చిన్నకోడలు మొహం తుడుచుకుని, పొయ్యి వెలిగించడానికి అక్క కన్నా ముందే పరిగెత్తింది. సర్వేయరుకు ప్రాణం లేచొచ్చింది. గొలుసు చుట్టుకుంటూ మనసారా నవ్వాడు. నలుగురి సంతోషంలో తనూ ఒక చెయ్యి వెయ్యాలనిపించింది.

"ఓహో, ఆ జలుబు మనిషిదా. ముందే చెప్పొద్దటరా. పోయిన ఆదివారం మా వీధిలో కరెంటుంది, నేనూ చూశా. అదొక్కటే చూశాననుకో. కానీ ఏం కథరా అది. చివరికి ఆ పెద్దావిడే చంపిందంటే నమ్మలేకపోయా."

పొద్దుటినుంచీ వాదులాడుకుంటున్న అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరి మొహాలూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. తమ్ముడు అన్న భుజం మీద చెయ్యి వేశాడు. అన్న ఆ చేతిని అలాగే ఉండనిచ్చాడు.

పన్నెండున్నరకు పెద్దకోడలు అందరికీ ఒకే గిన్నెలోంచి వడ్డించింది. బయట ఆకాశానికి కూడా అప్పటికి తేలింది, దుప్పట్ల మీద చినుకులు మొదలయ్యాయి. ఎవరూ లేవలేదు. ఆరుగురూ తలలు వంచుకుని తిన్నారు. సర్వేయరు రెండుసార్లు నోరు తెరిచి, అన్నదమ్ములను చూసి, ముద్ద పెట్టుకుని మూసుకున్నాడు.

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన ఇరుపక్షాలనూ ఒక్కటి చేసిన తగువు అదొక్కటే.