ఆరు చేతుల కార్పొరేషన్

పాలిమర్ కార్పొరేషన్ ఇకపై నక్షత్రాకారంలో పనిచేస్తుందని చైర్మన్ గారు ప్రకటించిన రోజున అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది కాంట్రాక్టు సైంటిస్టే. ఆ ఘనకార్యంలో ఆమెకూ వాటా ఉంది. పైగా ఆర్నెల్లలో ఆమె ఉద్యోగం గడువు తీరిపోతుంది, పొడిగింపు ఫైలు మీద ఆయన సంతకం కావాలి.

అంతకు ముందురోజు ఆయన ల్యాబు చూడటానికి దయచేశారు. పాతికేళ్లు పార్టీ జెండాలు కట్టినందుకు దక్కిన పదవి ఆయనది. పాలిమర్ అంటే ప్లాస్టిక్ బకెట్ అన్నంతవరకు క్షుణ్ణంగా తెలుసు. ఆమె రెండు సీసాలు వంచి చూపించింది. రెండింట్లోనూ ఒకే బరువున్న అణువులే. మొదటి సీసాలోవి పొడుగు దారాలు, ఒకదాంతో ఒకటి చిక్కుపడి ఆముదంలా సాగాయి. రెండోదాంట్లోవి ఒకే ముడికి ఆరు పొట్టి చేతులు నక్షత్రంలా అతికించినవి, ఇట్టే జారిపోయాయి. చేతులు పొడుగైతే మాత్రం కథ అడ్డం తిరుగుతుందని ఆమె చెప్పబోయేసరికి ఆయన ఫొటోకి నిలబడ్డారు.

అలా ఆ ముడి ఆయనయ్యారు. చుట్టూ ఆరు విభాగాలు. పక్క విభాగంతో ఎవరూ మాట్లాడకూడదు, ప్రతి కాగితమూ ఆయన దగ్గరికే రావాలి. మొదటి వారం ఫైళ్లు నిజంగానే పరుగులు తీశాయి. ఆ వేగానికి ఆయన మురిసిపోయి, ప్రతి చేతికీ ఒక సలహాదారుని, సలహాదారుకి ఒక సహాయకుణ్ణి, వాళ్లిద్దరికీ ఒక పర్యవేక్షకుణ్ణి తగిలించారు. బావమరుదులు అయిపోయాక కార్యకర్తలకు అవకాశమిచ్చారు. బంధుప్రీతి అన్న మాట రాకూడదు కదా.

సైంటిస్టుకి జరగబోయేది అర్థమైంది. దారం లాంటి అణువైతే పాములా సందు చూసుకుని జారుకుంటుంది. నక్షత్రానికి ఆ వీల్లేదు, ఒక్కో చెయ్యీ కొస నుంచి ముడిదాకా వెనక్కి ముడుచుకుంటే తప్ప చిక్కు వదలదు. చెయ్యి రెట్టింపైతే ఆలస్యం ఎన్నో రెట్లవుతుంది. ఇదంతా ఆమె నివేదికగా రాసి పంపితే, అది మూడో చేతి కొసన, ఆమె పొడిగింపు ఫైలు కిందే విశ్రమించింది.

గడువు చివరి రోజున ఆమె తెగించింది. ఆ చేతి సహాయకుడు టీకి లేవగానే ఫైలు చంకన పెట్టుకుని నేరుగా చైర్మన్ గదిలోకి నడిచింది. ఆయన ఖాళీ బల్ల ముందు కులాసాగా ఉన్నారు.

"చూశావామ్మా, మూడు నెలలుగా ఒక్క ఫిర్యాదూ రాలేదు. అంతా నీ సైన్సు చలవే," అంటూ సంతకం గీకేశారు.

ఆమెకు కళ్లనీళ్లాగలేదు. ఉద్యోగం నిలబడింది. పరుగున వెళ్లి ముద్ర కోసం తపాలా గుమాస్తా ముందు ఫైలు పెట్టింది. అతను సంతకం చూసి, ముద్ర పక్కన పెట్టేశాడు.

"ఇది చెల్లదమ్మా. అయ్యగారిని పదవిలోంచి తీసేసి రెండు నెలలైంది."

"మరి ఆయనకి తెలీదా?"

"ఉత్తర్వు బయల్దేరిందమ్మా. నాలుగో చేతిలో ఉంది."