గీత ముదిరిన రోజు

నవ్వనంటే చెప్తాను. ముందు నా బాధ వినండి.

నేను బందరులో రోల్డ్‌గోల్డ్ కొట్లో గుమాస్తాని. మా ఆవిడ కుసుమ అవనిగడ్డ బ్యాంకులో క్యాషియరు, అక్కడే అద్దె గది. పెళ్ళయి ఐదేళ్ళయినా పిల్లల్లేరు. డాక్టరమ్మ మూత్రంతో పరీక్ష చేసుకునే స్ట్రిప్పుల పెట్టె ఒకటి చేతిలో పెట్టింది.

"ఎల్‌హెచ్ అనే హార్మోను అండం విడుదలకి ముందు ఒక్కసారిగా పెరుగుతుందయ్యా. స్ట్రిప్పు మీద రెండో గీత మొదటిదంత ముదిరితే ఒకటి రెండు రోజుల్లో అండం విడుదలవుతుందని గుర్తు. అప్పుడు ఇద్దరూ ఒకచోట ఉండాలి," అంది.

అంతే, మా కాపురం ఆ గీత చేతిలోకి వెళ్ళిపోయింది. రోజూ మధ్యాహ్నం కుసుమ ఫొటో పంపేది. గీత పల్చగా ఉంటే నేను బందరులోనే. ఇంటికెళ్తే ఫ్రిజ్ చప్పుడు తప్ప పలకరించే దిక్కులేదు. ఒక్కణ్ణే కూర్చుని పెసరట్టు తింటుంటే ఓ రోజు నిజంగా ఏడుపొచ్చింది. ఊరికే వస్తానందామంటే సిగ్గు. పైగా మా ఓనరు జగన్మోహనరావు గారు, ముద్దుపేరు 'సెలవుల శత్రువు', డాక్టరు పనంటేనే వదుల్తారు.

అందుకే ఎత్తు వేశాను. ఫొటో రాగానే, గీత పల్చగా ఉన్నా సరే, "అబ్బో, ముదిరింది!" అని మెసేజ్ పెట్టి బస్సెక్కేవాణ్ణి. మంగళవారం ముదిరింది. శుక్రవారం ముదిరింది. సోమవారం మరీ ముదిరింది.

"ఏవయ్యా, ఆ డాక్టరమ్మ నిన్ను దత్తత తీసుకుందా?" అన్నారు ఓనరు.

అవనిగడ్డలో ఇంటావిడ ధనమ్మగారైతే, "అల్లుడుగారూ, మళ్ళీనా!" అంటూ గేటు తీసి తీసి విసిగి, తాళంచెవే నా చేతిలో పెట్టేసింది.

నిన్నయితే ఫొటో తెరవకుండానే "ముదిరింది" అని కొట్టేసి, వానలో తడుస్తూ వెళ్ళాను.

"ఫొటో చూశారా?" అంది కుసుమ.

"చూడకేం? రెండు గీతలూ కుంకం దిద్దినట్టున్నాయి."

"అది వాడని స్ట్రిప్పండీ. దాని మీద అసలు ఒక్క గీత కూడా లేదు."

కుసుమ తువ్వాలు తెచ్చి నా మొహాన విసిరింది.

"నాకోసం వస్తానని ఒక్కసారైనా అన్నారా? ఎప్పుడూ ఆ గీత కోసమేనా?"

"సిగ్గేసింది కుసుమా. అక్కడ ఒక్కణ్ణీ ఉండలేకపోతున్నాను."

ఆమె వంటగదిలోకి నడిచింది. వెనకాలే వెళ్ళి చూస్తే రెండు కంచాలు పెట్టి ఉన్నాయి.

"దొంగా! నేనొస్తానని తెలిసే పెట్టావన్నమాట," అన్నాను, ఇదైనా పట్టుకున్నానని.

"మీరొస్తారనేం కాదు," అంది అన్నం వడ్డిస్తూ. "ఇక్కడికొచ్చిన దగ్గర్నుంచీ రోజూ రెండే పెడుతున్నాను."

తల దించుకుని తిన్నాను.