తలా ఒక ట్రాలీ

మా పులిగుట్టపల్లి ఆదర్శ శుద్ధి గ్రామంగా ఎంపికైనందుకు ముందుగా అందరికీ అభినందనలు. జడ్చర్ల వైపు నుంచి వచ్చేవారికి ఇప్పుడు ఊరి మొదట్లోనే ఒక పార్కు కనిపిస్తుంది. నడవడానికి బాట ఉంది, కూర్చోవడానికి సిమెంటు బల్లలు ఉన్నాయి, ఫొటో దిగడానికి ఎర్ర గుండె బొమ్మ ఉంది. ఒకప్పుడు అక్కడ మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీ ఉండేదని చెబితే కొత్తవాళ్లు నమ్మరు. ఆ కంపెనీ ఒక దసరా సెలవుల్లో యంత్రాలను, రేకులను, చివరికి పేరున్న బోర్డును కూడా జాగ్రత్తగా సర్దుకుని వెళ్లిపోయింది. మరిచిపోయింది ఒక్క గుంతనే. ఏళ్ల తరబడి వదిలిన నీళ్లు ఇంకి ఇంకి, అందులో మట్టి ఆముదం పూసినట్టు నల్లగా నిగనిగలాడుతూ ఉండేది.

ఈ ఘనకార్యం ఎలా సాధించారని పక్క ఊళ్లవారు అడుగుతున్నారు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాడిని నేనే కాబట్టి రాసిపెట్టే బాధ్యత సర్పంచి గోపయ్య గారు నాకు అప్పగించారు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కంపెనీ గోడను ఆనుకుని లక్ష్మీనర్సమ్మకు చిన్న చేను, అందులో ఒక బోరు ఉన్నాయి. మోటారు వేస్తే పసుపు కలిపినట్టు నీళ్లు వస్తాయి. ఆమె బర్రె ఆ నీళ్లను ఒకసారి వాసన చూసి మొహం తిప్పుకుంది, మళ్లీ ఆ తొట్టి దగ్గరికి రాలేదు. అప్పటినుంచి ఆమె రోజూ బర్రెను తోలుకుని ఊరికి అవతల ఉన్న మా బాపు ఎల్లయ్య బావికి వచ్చేది. దానికి నీళ్లు తాపి, తనకు రెండు బిందెలు నింపుకుని వెళ్లేది. ఆమెకు కావలసింది ఒక్కటే, తన బోరు బాగుపడాలి. అందుకోసం సోమవారం సోమవారం జిల్లా కేంద్రానికి వెళ్లి అర్జీ పెట్టేది. "ఊరంతా బాగానే ఉందమ్మా, ఇది మీ వ్యక్తిగత సమస్య" అని అక్కడి అధికారులు ఎంతో మర్యాదగా చెప్పి పంపేవారు. అందులో అబద్ధం లేదు. అప్పటికి ఊరంతా బాగానే ఉండేది.

అటువంటి సమయంలో 'మన మట్టి - మన చేతులు' పథకం వచ్చింది. ప్రత్యేకాధికారి దామోదర్ గారు గ్రామసభకు విచ్చేసి ఇలా ఉపన్యసించారు:

"ప్రభుత్వమే అన్నీ చేయడం పాత పద్ధతి. ప్రజలు చేసుకోవడం కొత్త పద్ధతి. ఈ నేలను పాడుచేసింది ఎవరని వెనక్కి చూస్తూ కూర్చుంటే మనం ముందుకు పోలేం. తవ్వడానికి జేసీబీ మేం ఇస్తాం. తవ్విన మట్టిని తరలించడం మాత్రం ప్రజా భాగస్వామ్యం."

ఎక్కడికి తరలించాలని వెనక నుంచి ఎవరో అడిగారు.

"అది కూడా ప్రజలే నిర్ణయించాలి. పైనుంచి రుద్దడం మాకు ఇష్టం లేదు."

ఇంత ప్రజాస్వామ్యం మా ఊరు ఎన్నడూ చూడలేదు. చప్పట్లు ఆగాక లక్ష్మీనర్సమ్మ లేచింది.

"సారూ, గా మట్టి పోతే నా బోరు మంచిగైతదా?"

"మూలమే పోతే సమస్య ఎక్కడుంటుందమ్మా?"

ఆమె కూడా చప్పట్లు కొట్టింది.

ఇక్కడ మా ఊరి అలవాటు ఒకటి చెప్పాలి. ఎండాకాలం చెరువు ఎండగానే పూడిక మట్టి తవ్వి చేలకు తోలుకోవడం మా తాతల నాటి పద్ధతి. ఎర్రనేలల్లో, గరుసు నేలల్లో బతికేవాళ్లం. ఏ గుంతలోంచి నల్లమట్టి లేచినా మా చూపు చేనువైపు, చెయ్యి ట్రాక్టరు తాళంవైపు పోతాయి. అది చెరువు గుంతా, కంపెనీ గుంతా అని విచారించే సంప్రదాయం మాకు లేదు. జేసీబీ మొదటి తొట్టి ఎత్తేసరికి రోడ్డు దాకా ట్రాక్టర్లు నిలబడ్డాయి. మట్టిని ఎక్కడికి తరలించాలన్న క్లిష్టమైన సమస్య ఏ నిపుణుడి సాయమూ లేకుండా అలా తేలిపోయింది.

వాసన గురించి మాత్రం చిన్న చర్చ జరిగింది.

"ఏందే గీ కంపు? కండ్లు మండుతున్నయి" అన్నాడు ఒకతను, ముక్కుకు తువ్వాల కట్టుకుంటూ.

"దవాఖాన వాసనరా అది," అన్నారు గోపయ్య గారు. "దవాఖానల పురుగు చూసినవా ఎన్నడన్న? గట్లనే చేన్ల కూడ ఉండది. పురుగుమందు ఖర్చు మిగిలిపాయె."

ఈ శాస్త్రీయ వివరణ తర్వాత ముక్కుకు తువ్వాల కట్టుకున్న ఆయనే అందరికంటే ఎక్కువ మట్టి తోలుకున్నాడు.

మా బాపు కూడా ట్రాక్టరు కిరాయికి మాట్లాడాడు. ట్రాలీ నిండి కదిలే సమయానికి లక్ష్మీనర్సమ్మ వచ్చి ముందు నిలబడింది.

"ఎల్లన్నా, జర ఆగు. గా మట్టి నీ బాయికాడ పొయ్యకు. నా బర్రె నీ బాయి మీదనే బతుకుతాంది."

"ఊరంత తోలుకపోతుంటే నేనొక్కన్ని చేతులు కట్టుకోని కూసోవాల్నా చెల్లే? రేపు అందరి చేన్లు నల్లగుంటయి, నాదొక్కటే ఎర్రగుంటది. నలుగురు నవ్వరా?"

"ఓ లక్ష్మీనర్సమ్మా, నువ్వు గూడ తీస్కపో, ఎవలొద్దన్నరు?" అన్నారు గోపయ్య గారు.

"నాకెందుకు సర్పంచి సాబ్, నా వాటా నాకు ఎన్నడో ముట్టింది."

పక్కవాడి చేను బాగుపడితే ఓర్వలేని మనుషులు ప్రతి ఊరిలోనూ ఉంటారని ఆ సాయంత్రం అందరూ అనుకున్నారు.

పథకానికి అసలైన పరీక్ష తర్వాత ఎదురైంది. ట్రాక్టర్లున్న పెద్ద రైతులే మట్టంతా ఎత్తుకుపోతున్నారని చిన్న రైతులు గుంత ముందు ధర్నాకు కూర్చున్నారు. "పేదల మట్టి పేదలకే" అన్న నినాదం మారుమోగింది. దామోదర్ గారు హుటాహుటిన వచ్చి కమిటీ వేశారు. రేషన్ కార్డుకు ఒక ట్రాలీ చొప్పున పంచాలని తీర్మానమైంది. భూమి లేనివారికి అన్యాయం జరగకుండా వాళ్ల మట్టిని ఇళ్ల పునాదుల్లో పోయించారు. పిల్లలను మాత్రం ఎలా మరిచిపోతాం? బడి ఆవరణ పల్లంగా ఉండి వానకు నీళ్లు నిలుస్తున్నాయని అక్కడ ఎత్తు చేయించారు. అంగన్‌వాడీ వెనక ఆకుకూరల మడి ఒకటి కొత్తగా వెలిసింది. ఎవరి వాటా వారికి, వారి గడప ముందుకే, నయాపైసా లంచం లేకుండా చేరిన పథకం మా మండలంలో ఇదొక్కటేనని అందరూ ఒప్పుకున్నారు.

గుంత ఖాళీ అయింది. గుట్ట మొరం తెచ్చి నింపారు, గడ్డి పరిచారు, పార్కు అయింది. నిపుణులు వచ్చి పార్కు మట్టిని పరీక్షించి నిర్మలంగా ఉందని తేల్చారు. అందులో ఆశ్చర్యమేముంది? పాత మట్టి ఒక్క తట్టెడు కూడా అక్కడ లేదు. ప్రారంభోత్సవం నాడు దామోదర్ గారు శాలువా కప్పించుకుంటూ, "కాలుష్యం అనేది ఒకచోట పేరుకుపోతేనే సమస్య. అందరం తలా కొంత పంచుకుంటే అది సమస్యే కాదు" అని సెలవిచ్చారు. ఆ వాక్యాన్ని పార్కు గోడమీద రంగుల్లో రాయించాం.

రెండు వానాకాలాలు పోయాయి. ఒక పొద్దున లక్ష్మీనర్సమ్మ ఎప్పటిలాగే బర్రెతో, బిందెలతో మా బావికి వచ్చింది. మా బాపు అప్పటికే బొక్కెన చేది గట్టుమీద పెట్టి దాన్నే చూస్తూ నిలబడి ఉన్నాడు. బొక్కెనలో పసుపు కలిపినట్టున్న నీళ్లు ఉన్నాయి. బర్రె వాసన చూసింది. మొహం తిప్పుకుంది.

లక్ష్మీనర్సమ్మ బిందెలు కింద పెట్టింది.

"నలుగురు నవ్వుతరని బయపడితివి గద ఎల్లన్నా. ఇగ ఎవ్వలు నవ్వరు తియ్."

బాపు బొక్కెన గట్టుమీద ఒంపబోయి, ఎక్కడ ఒంపాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

ఆమె అర్జీకి మాత్రం అదే నెలలో మోక్షం కలిగింది. అధికారులు స్వయంగా వచ్చి ఆమె బోరు నీళ్లను, ఊరి మిగతా బోర్ల, బావుల నీళ్లను పక్కపక్కన పెట్టి పరిశీలించారు. "మీ నీళ్లు గ్రామ సాధారణ స్థాయికి సరిసమానంగా ఉన్నవి. కావున ఫిర్యాదు పరిష్కరించబడినది" అని తెలియజేశారు. దామోదర్ గారు ఇచ్చిన మాట తప్పలేదు. ఆమె బోరులో ఒక్క చుక్క మారకుండానే ఆమె బోరు అందరి బోర్లలాంటిదైంది.

ఊరు మొత్తంమీద ఇప్పుడు మంచి గడ్డి పార్కులోనే ఉంది. పశువులకు ప్రవేశం లేదు. బర్రెను తాపడానికి మరో బావి దొరక్క లక్ష్మీనర్సమ్మ దాన్ని అంగట్లో అమ్మేసింది. కొన్నవాడు పళ్లు చూశాడు, పొదుగు చూశాడు. ఇన్నాళ్లూ ఎక్కడ మేసిందని అడగలేదు.

మొన్న పార్కు గేటు దగ్గర నల్లరాతి ఫలకం పెట్టారు. మట్టి తీసుకున్న ప్రతి కుటుంబం పేరూ దానిమీద చెక్కించారు. మా బాపు పేరు పైనుంచి రెండో వరుసలో ఉంది. కింద సగం రాయి ఖాళీగా మిగిలింది. ఏం చేద్దామని గోపయ్య గారు ఆలోచిస్తుంటే, ఖాళీ బిందెతో అటు పోతున్న లక్ష్మీనర్సమ్మ ఆగింది.

"పట్నపోళ్ల పేర్లు రాయిన్రి సర్పంచి సాబ్. పండేది మన దగ్గర్నే గని తినేది ఆళ్లే గద."

ఆమె మాట సబబుగా తోచింది. మా వంకాయలు, టమాటాలు రోజూ తెల్లవారేసరికి హైదరాబాదు చేరుతున్నాయి. మేం మాత్రం ఇంట్లోకి జడ్చర్లలో కొనుక్కుంటున్నాం. అవి ఏ ఊరి నుంచి వచ్చాయని మేం అడగం, వాళ్లు చెప్పరు.

కాబట్టి పాఠక మహాశయులారా, పేరు నమోదు కోసం మీరు ఇంత దూరం రానక్కర్లేదు. మొన్న రైతుబజారులో ఒక్క పుచ్చు కూడా లేదని మురిసిపోతూ ఏరి ఏరి సంచిలో వేసుకున్నారు కదా, నిగనిగలాడే వంకాయలు. అవి ఉడుకుతున్నప్పుడు వంటింట్లో కొంచెం దవాఖాన వాసన వస్తే కంగారు పడకండి. రాయి మీద మీకు జాగా ఉంచాం.