వనజాబాయి గుండెకు ఇంటిల్లిపాదీ మద్దతు

ఆదోని పట్టణ ప్రజలకు తెలియజేయడమేమనగా, హైస్కూలులో సాంఘికశాస్త్రం బోధించే భీమరావు గారి ఇంట్లో, వారి భార్య వనజాబాయి గుండె ఆరోగ్యం నిమిత్తం రోజుకు పదిహేను నిమిషాలు మంజూరు చేస్తూ కుటుంబం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానాన్ని భీమరావు గారు ప్రతిపాదించగా వారి తల్లిగారు సరస్వతీబాయి బలపరిచారు. ఇంటర్ చదివే కుమారుడు ప్రణవ్, తొమ్మిదో తరగతి కుమార్తె కృతి చేతులెత్తి ఆమోదించారు. వనజాబాయి ఆ సమయంలో వంటింట్లో దోసెలు పోస్తున్నందున ఓటింగులో పాల్గొనలేకపోయింది.

దీని పూర్వాపరాలు పాఠకులకు చెప్పవలసి ఉంది. మేడ మీద ఆరేసిన బట్టలు తేవడానికి మెట్లెక్కిన వనజాబాయి ఒకనాడు సగంలోనే ఊపిరందక కూలబడింది. పరీక్షలు చేయించిన డాక్టరమ్మ, రక్తంలో చక్కెర హద్దు మీద ఉందని చెప్పింది. "రోజూ పదిహేను నిమిషాలు గుండె దడదడ కొట్టుకునేట్ల గెంతల్లమ్మా. యాడికీ పోనక్కర్లేదు, ఇంట్లో ఫోన్లో వ్యాయామం పాట పెట్టుకోని నిల్చున్న జాగాలోనే పరిగెత్తు. మూడు నెల్లు సూస్తాను. అప్పటికీ దిగకుంటే మాత్రలు మొదలుపెడతాను" అంది.

భీమరావు గారు సమయానికి తగిన ప్రశ్న వేశారు. "ఇంటిపనంతా ఆమే చేస్తాది కదా డాక్టరమ్మా, అది లెక్కకు రాదా?"

"ఇంటిపనికి మనిషి అలిసిపోతాది సార్. గుండె గట్టిపడదు."

వనజాబాయి తల్లికి ఈ చక్కెర జబ్బుతోనే చూపు పోయింది. ఆఖరి ఏళ్ళలో ఆ తల్లి కూతురి ముఖం చేత్తో తడిమి, వనజేనా అని అడిగేది. వనజాబాయికి మాత్రలంటే భయం లేదు, ఆ తడుముకోవడం అంటే భయం. అందుకే పదిహేను నిమిషాలు దొరికితే చాలునని ఆమె మనస్ఫూర్తిగా కోరుకుంది.

కోరిన వెంటనే ఇంట్లో వారందరూ కదిలారు. శుభస్య శీఘ్రం అన్నారు కనుక మరుసటి ఆదివారమే ప్రారంభోత్సవం పెట్టుకున్నారు. కాలనీ పెద్దలు వచ్చారు. పక్కింటి దేవక్క దీపం వెలిగించింది. భీమరావు గారు కొబ్బరికాయ కొట్టి, "స్త్రీ ఆరోగ్యమే ఇంటి ఆరోగ్యం, ఇంటి ఆరోగ్యమే ఊరి ఆరోగ్యం" అని మొదలుపెట్టి, జిల్లా, రాష్ట్రం, దేశం వరుసగా దాటుకుంటూ ప్రపంచ ఆరోగ్యం దాకా వెళ్ళారు. వచ్చినవారికి ఉల్లిపాయ లేని బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టారు. వాటిని వేడివేడిగా అందించే బాధ్యత వనజాబాయి నిర్వహించింది. ఇట్లాంటి మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాలని అందరూ అన్నారు. గిన్నెలు తోమేసరికి ఆనాటి పదిహేను నిమిషాలు, వాటి ముందువీ వెనకవీ కూడా గడిచిపోయాయి.

ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, అసలు చర్చ మర్నాడు మొదలైంది. ఆ పదిహేను నిమిషాలు రోజులో ఎక్కడ ఉన్నాయన్నది తేలాలి. పొద్దున్నే అంటే మున్సిపాలిటీ కుళాయి వచ్చే వేళ. నీళ్ళు పట్టకపోతే స్నానం లేదు, స్నానం లేకపోతే మడి లేదు, మడి లేకపోతే వంట లేదు, వంట కాకపోతే నైవేద్యం లేదు. నైవేద్యం కాకపోతే ముగ్గురి క్యారియర్లూ ఖాళీ. స్నానం తర్వాత చేద్దామంటే అప్పటికే మడి కట్టుకుని ఉంటుంది.

సరస్వతీబాయి గారు కోడలి మేలు కోరేవారే, ఆ విషయంలో ఎవరికీ అపోహ వద్దు. "గెంతుకో తల్లీ, నేనెందుకు వద్దంటాను? మడిలో ఉండి మాత్రం చెమట పట్టించుకోవద్దు" అన్నారు.

"పొయ్యి కాడ పడతాది కదా అత్తమ్మా చెమట?"

"అది దేవుని వంటకు పట్టిన చెమట. ఇది ఫోన్లో పాటకు పట్టే చెమట. రెండూ ఒకటెట్లయితాయి?"

విషయాన్ని మంత్రాలయంలో ఉండే, శాస్త్రం తెలిసిన బంధువు బిందుమాధవాచార్య గారికి నివేదించారు. వారు చాలా రోజులు ఆలోచించి, తాము చూసినంతలో ఇటువంటి గెంతులకు నిషేధమూ కనపడలేదు, విధీ కనపడలేదు, అందువల్ల పెద్దల ఇష్టప్రకారం నడుచుకోవలసిందని సెలవిచ్చారు. ఏకాదశి నాడు ఉపవాసం కనుక వద్దని, ద్వాదశి నాడు పొద్దున్నే పారణ వంట ఉంటుంది కనుక కుదరదని వారే గుర్తుచేశారు. పెద్దల ఇష్టం సాయంత్రం వైపు మొగ్గింది.

సాయంత్రం అంటే ప్రణవ్ ఎంసెట్‌కు చదివే వేళ. అమ్మ గెంతితే గచ్చు అదిరి ఫార్ములాలు మరిచిపోతున్నానని అతను మర్యాదగానే చెప్పాడు. తల్లికి అన్యాయం జరగకూడదని తన చదువు మధ్యలో చాలాసేపు కేటాయించి, కంప్యూటర్లో రంగురంగుల టైంటేబుల్ ఒకటి తయారుచేశాడు. అందులో ఇంటిల్లిపాది పనులూ ఉన్నాయి. తల్లి వ్యాయామానికి లేత గులాబీ రంగు ఇచ్చాడు. ఆ రంగు గడి మాత్రం ఎక్కడ పెట్టినా ఇంకో గడి మీద పడుతున్నందున, దాన్ని కాగితం అంచులో, 'వీలును బట్టి' అనే శీర్షిక కింద అచ్చువేశాడు.

కృతి ఇంకో విధంగా తోడ్పడింది. తల్లి కదలికలను వీడియో తీసి లోకానికి స్ఫూర్తి కలిగించాలని ఆ పిల్ల సంకల్పం. "ఇంగోసారి ఎగురమ్మా, వెలుతురు సరిగ్గా పడలేదు" అనేది. తర్వాత చీర మార్చుకోమంది. తల దువ్వుకోమంది. వెనక కనపడుతున్న బకెట్ తీయమంది. అన్నీ అయ్యాక వనజాబాయి రెండుసార్లు గెంతింది, కుక్కర్ కూత వేసింది. ఆ రెండు గెంతులనే అతికించి సంగీతం కలిపిన వీడియోకు వందలమంది ఎర్ర గుండెలు పంపారు. ఇంట్లో ఉన్న అసలు గుండె సంగతి ఎప్పటిలాగే ఉంది.

భీమరావు గారు ఖర్చుకు వెనుకాడే మనిషి కాదు. గుండె వేగం కొలిచే చేతిగడియారం కొన్నారు. తీరా చూస్తే దానికి తోలుపట్టీ ఉంది. తోలు మడికి పనికిరాదు, పైగా అంట్లు తోమే చేతికి నీళ్ళు తగులుతాయి. కొన్న వస్తువు వృథా కాకూడదని ఆయనే ధరించారు. అది చూపించే అంకెలను రోజూ భోజనాల దగ్గర చదివి వినిపించేవారు. అంకెలు బాగున్నాయి. గుండె క్రమంగా మెరుగుపడుతోందని అందరూ సంతోషించారు.

నేర్పేవాడు ముందు తాను నేర్చుకోవాలన్న సూత్రం ఉపాధ్యాయులకు కొత్త కాదు. వనజాబాయికి దగ్గరుండి నేర్పించడం కోసం భీమరావు గారు సాయంత్రం బడి నుంచి రాగానే హాల్లో తానే పరిగెత్తడం మొదలుపెట్టారు. ఆయన కళ్ళద్దాలు తీసి గెంతేవారు కనుక వ్యాయామం వీడియో దగ్గరగా కనపడేలా వనజాబాయి ఫోను పట్టుకుని నిలబడేది. మధ్యలో మజ్జిగ ఇచ్చేది, చివర్లో తువ్వాలు అందించేది. తల్లిగారు మంచం మీద కూర్చుని, "వాడు ఎంత కష్టపడతాండాడో సూడు, నీ కోసమే" అనేవారు. ఆయన నడుం సన్నబడింది. ప్యాంట్లు వదులైతే కుట్టు లోపలికి తీసి ఇచ్చింది కూడా వనజాబాయే.

మూడు నెలలు గడిచాయి. ఉత్సాహం కొద్దీ భీమరావు గారు కూడా రక్తపరీక్ష చేయించుకున్నారు. ఆయన చక్కెర బ్రహ్మాండంగా ఉంది. వనజాబాయిది ఇంకొంచెం పైకెక్కింది.

"ఒకరిది ఎక్కినా ఒకరిది దిగింది కదా డాక్టరమ్మా. సగటు తీస్తే మా కుటుంబం మెరుగైనట్టే" అన్నారు భీమరావు గారు.

"సగటుకు చూపు పోదు సార్. మనిషికి పోతాది" అంది డాక్టరమ్మ. వనజాబాయి ముఖం చూసి, "ఇంగొక్క నెల సూస్తానమ్మా" అంది.

తిరిగి వస్తూ ఆటోలో వనజాబాయికి ఏడుపొచ్చింది. భర్త మీద కోపం కూడా వచ్చింది. కానీ ఆయన చెడ్డవాడు కాడు, తాగడు, తిట్టడు, ఆ క్షణంలో కూడా ఆమెకు ఎండ తగలకుండా సంచి అడ్డం పెట్టి పట్టుకున్నారు. మంచివాళ్ళ మీద కోపగించుకోవడం ఎంత కష్టమో వారితో కాపురం చేసినవారికే తెలుసు.

ఇంతలో భీమరావు గారి కీర్తి ఊరు దాటింది. ఎమ్మిగనూరులోని ఆదర్శ గృహస్థుల సంఘం వారు, భార్య ఆరోగ్యానికి అహర్నిశలు పాటుపడుతున్న భీమరావు గారిని సన్మానించాలని నిర్ణయించారు. నిదర్శనంగా భార్యను కూడా తీసుకురమ్మన్నారు. సంఘాధ్యక్షుడు ఆదెప్ప గారు శాలువా కప్పి, ఇటువంటి పురుషులు ఇంటికొకరుంటే ఆసుపత్రులు మూతపడతాయని ప్రకటించారు. భీమరావు గారు 'కుటుంబ జీవితంలో పదిహేను నిమిషాలు' అన్న అంశం మీద ముప్పావు గంట మాట్లాడారు. చివర్లో మర్యాద కోసం, అమ్మగారు కూడా రెండు మాటలు చెప్పాలని మైకు ఇచ్చారు.

వనజాబాయి మైకు ముందు నిలబడి సభను చూసింది. అక్కడ కుళాయి లేదు, పొయ్యి లేదు, ఫార్ములాలు లేవు. "మాట్లాడేదేం లేదన్నా. పదిహేను నిమిషాలు అంటాండారు కదా, అవి ఇప్పుడు ఈడనే చేసుకుంటాను" అని, చెప్పులు విడిచి, కొంగు నడుముకు బిగించి, నిల్చున్నచోటే పరుగు మొదలుపెట్టింది.

సభ దద్దరిల్లేలా చప్పట్లు కొట్టింది. కాసేపటికి చప్పట్లు పలచబడ్డాయి. వెనక వరుసలో వంటవాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఆదెప్ప గారు వంగి, "సాలమ్మా, అందరికీ అర్థమైపాయ. భోజనాలు సల్లారిపోతాండాయి" అన్నారు. "వనజా, సాలించు" అని భీమరావు గారు సైగ చేశారు. అయితే ఇది ప్రదర్శన. వేదిక మీద జరుగుతున్నదాన్ని మధ్యలో ఆపడం సభామర్యాద కాదు. చెమట కారుతోంది, జుట్టు ముడి వీడింది, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఆమె హాలు గోడ గడియారం వైపు చూసుకుంటూ పూర్తిగా చేసింది. తనకు మంజూరైన సమయం చేతికందడం అదే మొదటిసారి, ఆమెకు పట్టరాని సంతోషం కలిగింది. వందన సమర్పణలో భోజనాలు ఆలస్యమైనందుకు నిర్వాహకులు క్షమాపణ కోరారు.

బస్సులో వస్తూ ఆమె భర్తతో అంది: "ఏమండీ, మన కాలనీ ఆడవాళ్ళకు ఇది రోజూ పొద్దున నేర్పిద్దామనుకుంటాండా. ఊరికే. సేవ మాదిరి."

భీమరావు గారి కళ్ళు చెమర్చాయి. సమాజసేవ అన్న మాటకు ఆయన ప్రాణమైనా ఇస్తారు. ఇంట్లో మళ్ళీ తీర్మానం జరిగింది, ఈసారి ఏ గడీ ఏ గడి మీదా పడలేదు. కుళాయి నీళ్ళు ప్రణవ్ పట్టగలడని తేలింది. తన కాఫీ తాను కలుపుకోవడంలో ఇబ్బంది లేదని భీమరావు గారు కనుగొన్నారు. పదిమంది మేలు కోసం పట్టిన చెమటకు మైల లేదని, వచ్చి స్నానం చేసి మడి కట్టుకుంటే వంట కాస్త ఆలస్యమైనా దేవుడు ఏమీ అనుకోడని సరస్వతీబాయి గారు ఎవరినీ అడగకుండానే తేల్చారు. తనకు కావాలంటే మూడు నెలలు వెతికినా దొరకని పదిహేను నిమిషాలు, ఊరికి కావాలనగానే ఒక్క పూటలో దొరికాయి.

కాలనీ హాలు తాళంచెవి ఆమెకిచ్చారు. వీధి వీధంతా ఆడవాళ్ళు పేర్లిచ్చారు. మొదటి రోజు ఒక్కరూ రాలేదు. రెండో రోజూ అంతే. వనజాబాయి దేవక్కను అడిగింది.

"ఏం సెప్పల్ల వనజా," అంది దేవక్క. "మా ఇంట్లో కూడా అందరూ మద్దతిస్తాండారు. అందుకే రాలేకపోతాండా."

వనజాబాయి ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. రోజూ వెళ్ళి ఫ్యాన్ వేసుకుని, ఖాళీ హాల్లో ఒక్కతే పరిగెత్తి వస్తోంది. నెల తిరిగేసరికి చక్కెర హద్దుకు ఇవతలకు దిగింది. డాక్టరమ్మ మాత్రలు రాయలేదు. తరగతి కిటకిటలాడుతోందని భీమరావు గారు బడిలో అందరికీ చెప్పుకుంటున్నారు.

పేర్లిచ్చినవారిలో మీ ఇంటామె కూడా ఉంది. ఆమె కోసం వనజాబాయి కొన్నాళ్ళు తలుపు వైపు చూసింది. మీరు ఆమెకు పూర్తి మద్దతు ఇస్తున్నారని తెలిశాక ఎదురుచూడటం మానేసింది.