చీటీ మీద పేరు లేని మూట

ఆ లాండ్రీ యజమానికి లోకంలో ఉన్న ఫిర్యాదులన్నీ ఒక్కడి మీదే. వాడి పేరు కళ్ళజోడు. వాడు సొంత తమ్ముడే. అన్న ఏడో తరగతిలో బడి మానేసి బకెట్లు మోస్తే, ఆ బకెట్ల పుణ్యాన తమ్ముడు కంప్యూటర్ చదువు చదివాడు. చదివినవాడు ఉద్యోగం చేసుకోవాలా వద్దా? ఎనిమిది నెలల కిందట అది వదిలేసి వచ్చి, షాపు మూలన బల్ల వేసుకుని కూర్చున్నాడు.

ఆ ఉదయం అనుకున్న పని చిన్నదే. పదింటికి ఆసుపత్రి స్టోర్ కీపర్ వస్తాడు. ఆరు వాషింగ్ మెషిన్లూ ఒకేసారి నడిస్తే చూసి, రోజుకు రెండు వందల దుప్పట్ల పని ఇస్తాడు. ఇప్పటికి రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ ఆరు మెషిన్లూ ఒక్కసారే నీళ్ళు కాచబోయి ఫ్యూజు ఎగరగొట్టాయి. మూడోసారి ఎగిరితే పని పక్క వీధి లాండ్రీకి పోతుంది.

ఆ ఆరు మెషిన్ల మీదా పెత్తనం గోడమీదున్న అరచేతంత కంప్యూటర్ బోర్డుది. అవి వంతులవారీగా నీళ్ళు కాచేలా కళ్ళజోడు కొత్త ప్రోగ్రాం రాశాడు. దాన్ని ఆ బోర్డు మీదే తయారుచేస్తే రోజంతా పడుతుంది. అందుకని తన పెద్ద కంప్యూటర్‌లో తయారుచేశాడు.

"దీన్ని క్రాస్ కంపైల్ అంటారు అన్నయ్యా. ముక్కలన్నీ కూర్చి ప్రోగ్రాం తయారుచేసే బిల్డ్ వ్యవస్థ ఒకటుంది కదా, దానికి ఇన్నాళ్ళూ ఇది చేతకాదు. నిన్ననే నేర్పాను."

"అయితే ఇక్కడ నడిపి చూపించు."

"ఇక్కడ నడవదు. అది ఆ బోర్డు కోసం చేసింది."

"చేసిన చోట నడవనిది వెళ్ళిన చోట నడుస్తుందా? ఇక్కడ తెల్లబడని దుప్పటి ఆసుపత్రికెళ్ళి తెల్లబడుతుందిరా?"

"దుప్పటి కాదు, చొక్కా అనుకో. దర్జీ బక్కపలచగా ఉన్నా లావుపాటాయనకి చొక్కా కుడతాడు. తొడుక్కుని చూపించమంటే ఏం చూపిస్తాడు?"

"ఎవరో ఒకరికి త్వరగా కుట్టండి మరిదిగారూ, పది కావస్తోంది," అంది మడతలు పెడుతున్న వదిన.

కళ్ళజోడు బోర్డుకు తగిలించే వైరు కొనడానికి వెళ్ళాడు. వెళుతూ తెర మీద ఒక ప్రశ్న వదిలిపోయాడు: ఎక్కడ పెట్టాలి? దాని పక్కన గడి ఖాళీగా ఉంది.

గడియారం పది నిమిషాలు తక్కువ పది చూపిస్తోంది. ముప్పై ఏళ్ళుగా ఆ షాపుకొక కట్టుబాటుంది. చీటీ మీద ఊరూ పేరూ లేని మూట మన అలమరలోనే ఉండాలి. తమ్ముడికి కాస్త సాయం చేసినట్టుంటుందని యజమాని గడి ఖాళీగానే వదిలి కీబోర్డు మీది పెద్ద మీట నొక్కాడు.

తెరమీద చీమల బారులా అక్షరాలు పరిగెత్తాయి. తరవాత ఆగాయి. తరవాత తెరే నల్లబడింది. ఆపి మళ్ళీ వేశాడు. ఉలకలేదు, పలకలేదు. ఏమీ తోచక పొడిగుడ్డతో తుడిచి, దూరంగా తన కుర్చీలో కూర్చున్నాడు.

కళ్ళజోడు వచ్చాడు. "ఎవరైనా ముట్టుకున్నారా?"

"తుడిచాను," అన్నాడు అన్న. అబద్ధం కాదు కదా.

"పోయింది," అన్నాడు కళ్ళజోడు నీరసంగా.

ఆ షాపులో పోయింది అంటే కరెంటు పోయిందనే అర్థం. వదిన లోపలికెళ్ళి మెయిన్ స్విచ్ ఆపి వేసింది. స్టోర్ కీపర్ కోసం దుప్పట్లూ నీళ్ళూ నింపి సిద్ధంగా ఉంచిన ఆరు మెషిన్లూ ఉలిక్కిపడి లేచి, పాత బుద్ధి ప్రకారం ఒక్కసారే కాచడం మొదలుపెట్టాయి. ఫ్యూజు ఎగిరింది. సరిగ్గా అప్పుడే స్టోర్ కీపర్ గుమ్మంలో కాలు పెట్టాడు.

"మూడోసారి," అన్నాడు. పక్క వీధివైపు చూస్తూ గుమ్మంలోనే నిలబడ్డాడు.

కళ్ళజోడు అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "తప్పు నాదే అన్నయ్యా. దానికి రాని పని నేర్పబోయి చెడగొట్టాను. రేపట్నుంచి ఉద్యోగం చూసుకుంటాలే."

ఎనిమిది నెలలుగా అన్న ఎదురుచూసిన మాట అదే. తీరా చెవిన పడ్డాక కుర్చీలోంచి లేచి తమ్ముడి దగ్గరికి వచ్చాడు.

"నువ్వు కాదురా. నేను నొక్కాను. గడి ఖాళీగా ఉంది. పేరు లేని మూట మన అలమరలోనే కదా పెడతాం."

కళ్ళజోడు అద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. "కంప్యూటర్ కూడా అదే అనుకుంది. ఎవరికోసం చెయ్యాలో నేర్పాను గానీ, ఎవరింట్లో పెట్టాలో నేర్పలేదు. బోర్డు సామానంతా తెచ్చి తన అలమరలో సర్దుకుంది. తన సామాను బయటికి తోసేసింది." ఉన్నట్టుండి లేచాడు. "అన్నయ్యా, స్క్రూ డ్రైవర్. ఆ అలమరే ఈ డిస్కు. ఇక దీనికి పనికిరాదు. గోడమీదున్న బోర్డుకి అచ్చం సరిపోతుంది."

అన్న ఫ్యూజు వేసేలోపల తమ్ముడు డిస్కు ఊడదీసి కొత్త వైరుతో బోర్డుకు తగిలించాడు. మొదటి మెషిన్ నీళ్ళు కాచింది. అది ముగించాక రెండోది. రేషన్ క్యూలో ముసలమ్మల్లా ఆరూ వంతు తప్పకుండా కాచాయి. ఫ్యూజు కదల్లేదు.

"ఆ కంప్యూటర్ పొట్ట కోశారేం?" అన్నాడు స్టోర్ కీపర్, కాగితం మీద సంతకం పెడుతూ.

"దర్జీ బక్కపలచగా ఉన్నా లావుపాటాయనకి చొక్కా కుడతాడండీ," అన్నాడు యజమాని, పుట్టినప్పటి నుంచీ తెలిసినట్టు. "మీకు తెలియదులెండి, అది క్రాస్ కంపైల్."

డిస్కు కదిలితే మెషిన్లు ఆగుతాయి. వైరు మూరెడే, డిస్కు కింద బల్ల ఉండాల్సిందే. అందుకని కళ్ళజోడు బల్ల ఆ సాయంత్రమే మూల నుంచి బోర్డు కిందికి మారింది. ముప్పై ఏళ్ళుగా అక్కడ యజమాని కుర్చీ ఉండేది. ఆసుపత్రి పని దక్కింది. తమ్ముడు దక్కాడు. యజమానికి పోయింది మాత్రం ఫ్యాను కింద ఐదడుగుల పొడవు, మూడడుగుల రెండంగుళాల వెడల్పు జాగా.